కుదరదు అనే భాష

“గాల్లో ఉండగా అది ఆగిపోతే?”

కొడుకు ఇంకా కంచం ముందు కూర్చోనేలేదు. అమ్మ మొదలుపెట్టేసింది.

“ఏది ఆగిపోతే?”

“అదే, నువ్వు రాసేది.”

“రాయడం ఎక్కడమ్మా? ఏ భాషలో రాయాలో ఇవాళ తేలుస్తాం, అంతే.”

సైన్యం కోసం తయారవుతున్న కొత్త విమానానికి వాళ్ల ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రాస్తారు. అందులో చిన్న తప్పు దొర్లినా పైనుంచి పడేది మనిషి. దాన్ని ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాయాలన్నది ఇవాళ కొడుకు సంతకంతో ఖాయమవుతుంది. జట్టుకు పెద్ద అతడే.

పోటీలో రెండు మిగిలాయి. ఒకటి కొత్తది, చురుకైనది. ఏం రాసినా నోరెత్తకుండా ఒప్పుకుంటుంది. రెండోది పాతది. ఇది రాకపోతే ఏం చేయాలి, అది లేకపోతే ఏం చేయాలి అని ప్రాణం తోడేస్తుంది. ఆఫీసులో మొదటిదాన్ని ‘సరేలే’ అనీ, రెండోదాన్ని ‘కుదరదు’ అనీ పిలుస్తారు.

“దేనికి పెడతావు సంతకం?”

“సరేలేకే. నాలుగు నెలల్లో పనైపోతుంది. కుదరదుతో అయితే ఏడాదిపాటు జుట్టు పీక్కోవాలి.”

“మరి ఎత్తు చూపించే ముల్లు పాడైతే నీ సరేలే ఏమంటుంది?”

“ఏమీ అనదు.”

“అదేరా నా భయం.”

“నువ్వు మరీనమ్మా. అంత పెద్ద పైలట్ గారు పైన కూర్చుని ఉంటారు కదా, ఆ మాత్రం చూసుకోలేరా?”

“పైలట్ అయితే కొమ్ములుంటాయా? వాళ్లకీ గుండె దడదడలాడుతుంది. వాళ్లకీ ఇంట్లో పిల్లలుంటారు.”

కొడుకు నవ్వాపుకుంటూ తినేసి లేచాడు. ఆ ఇంట్లో అమ్మ అనుమానించని వస్తువు లేదు. గ్యాస్ కట్టేశాక మూడుసార్లు చూస్తుంది. తలుపుకి తాళం వేశాక మూడుసార్లు లాగుతుంది. అతడు బండి తీస్తే చాలు, దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు నొక్కి, బ్రేకు పట్టి చూసి, అద్దం సరిచేసి, అప్పుడుగానీ కదలనివ్వదు. ఎదురింటాయన రోజూ ఆ తంతు చూసి పేపరు చాటున నవ్వుకుంటాడు.

“చేరగానే ఫోన్ చెయ్యి,” అంది. ఆఫీసు ఎనిమిది నిమిషాల దూరం.

పదకొండింటికి ముగ్గురు మీటింగ్ గదిలో కూర్చున్నారు. కొడుకు, మేనేజరు, సైన్యం తరఫున వచ్చిన కల్నల్. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద ఉంది.

“ఏ భాషైతే ఏంటి సార్, మనం జాగ్రత్తగా రాస్తే చాలు,” అన్నాడు మేనేజరు. ఆయన మనసు ఎప్పుడో సరేలే మీద పడింది.

“ఒక్క నిమిషం, ఒకటి చూపిస్తాను,” అన్నాడు కొడుకు. ఎందుకన్నాడో అతడికే తెలియదు. పొద్దున అమ్మ అన్న ముల్లు మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.

కంప్యూటర్లో నాలుగు వరుసలు రాశాడు. ఎత్తు ఎంతో చెప్పాల్సిన చోట కావాలనే ఏమీ చెప్పలేదు. సరేలే కిక్కురుమనలేదు. చెప్పలేదు కాబట్టి సున్నా అనుకుంది. తెర మీది బొమ్మ విమానం నేల మీదే ఉన్నాననుకుని, నట్టనడి మబ్బుల్లో ఇంజన్ ఆపేసింది.

అవే నాలుగు వరుసలు కుదరదుకి ఇచ్చాడు. పద్దెనిమిది తప్పులు ఎత్తి చూపించి, కదలనని భీష్మించుకు కూర్చుంది. మొదటి తప్పు, ఎత్తు తెలియనప్పుడు ఏం చేయాలో చెప్పకపోవడం.

“దీనికన్నా మా అత్తగారు నయం,” అన్నాడు మేనేజరు.

కల్నల్ నవ్వి కాగితం కొడుకు వైపు జరిపాడు. “సంతకం మీది. ఏదంటారు?”

కొడుకు పెన్ను మూత తీశాడు. పెట్టాడు. మళ్లీ తీశాడు. నాలుగు నెలల్లో పూర్తిచేస్తే ప్రమోషన్ తప్పదని మేనేజరు నిన్ననే చెవిన వేశాడు. ఏడాది పడుతుందంటే ఇదే మనిషి మొహం చూడలేం. ఇటు చూస్తే మబ్బుల్లో ఆగిపోయిన బొమ్మ విమానం ఇంకా తెర మీదే ఉంది.

“అందులో ఎక్కేవాళ్లనే అడిగేద్దాం,” అంటూ కల్నల్ టెస్ట్ పైలట్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మధ్యలో ఉంచాడు.

“పైలట్లకి తొందరెక్కువ సార్. కొత్తదే అంటారు చూడండి,” అని గొణిగాడు మేనేజరు.

కల్నల్ ఏదీ దాచకుండా చెప్పాడు. మబ్బుల్లో ఆగిన ఇంజన్ సంగతి, పద్దెనిమిది తప్పుల సంగతి, నాలుగు నెలలు, ఏడాది, అన్నీ. “జట్టు పెద్ద కూడా ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడు. మీరేమంటారు పైలట్ గారూ?”



అవతల విమానాల షెడ్డులో ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు. అది కూడా ఆగింది. కల్నల్ వాచీ చూసుకున్నాడు. కొడుకు ఫోన్ వంక చూడకుండా బల్ల చెక్క మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు. లైను కట్టయిందేమోనని మేనేజరు చెయ్యి చాపబోయాడు.

అప్పుడు వినిపించింది ఫోన్లోంచి, “ఆ కుదరదుతోనే రాయరా నాన్నా, నీకు నస పెట్టడానికి ఆ రోజు నేను కిందుండను, అందులో కూర్చుని పైనుంటాను.”