పది గంటల సంతకం

“నీ వాచీ గుచ్చుకుంటోందన్నా,” అన్నాడు పొడుగోడు.

తాత వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. పొడుగోడు తడి తువ్వాలు తెచ్చి దాని మీదే పడేశాడు. తాత ఐసు సంచీ మళ్ళీ అందుకుని వాడి చీలమండకు అదిమాడు. చీలమండ ఉబ్బి నల్లబడింది.

తాత వయసు ముప్పై మూడు. ఆ పేరు తోటి ఆటగాళ్ళు పెట్టిందే. పదమూడేళ్ళుగా టెన్నిస్ ఆడుతున్నా ర్యాంకు ఆరువందల లోపుకు రాలేదు. ఈ వారమూ అర్హత పోటీలోనే ఓడాడు. అసలు పోటీలోంచి ఎవరైనా తప్పుకుంటే ఆ చోటు ఓడినవాళ్ళ జాబితాలో ముందున్నవాడికి ఇస్తారు. మొదటి పేరు తాతది. రెండోది ఎవరో కొత్తగా వచ్చిన ఎడమచేతివాడిది. పేరుంటే చాలదు. పొద్దున తొమ్మిదిన్నరకూ పదికీ మధ్య రిఫరీ గదిలో సంతకం పెట్టాలి. ఈసారీ చోటు దొరక్కపోతే ఆట మానేస్తానని భార్యకు మాటిచ్చి వచ్చాడు.

అంతకుముందు తొమ్మిదీ ఇరవైకి, అసలు పోటీలో ఆడాల్సిన పొడుగోడు ఆటగాళ్ళ గదిలో కుంటుతూ తాత ముందు నుంచే రెండుసార్లు తిరిగాడు. తాతకు ప్రాణం లేచొచ్చింది. పిలవకుండానే వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

“ఆడమంటావా, మానమంటావా?”

తాత తొందరపడలేదు. తనకు తెలిసినవాడొకడు ఇలాంటి కాలుతోనే ఆడి ఆర్నెల్లు మంచం దిగలేదని చెప్పాడు. అలాంటివాడెవడూ లేడు.

పొడుగోడు నిట్టూర్చాడు. ఊరికే మానేస్తే ఇంట్లో గొడవేనన్నాడు. భార్య వైపు వాళ్ళందరికీ టెన్నిస్ పిచ్చట. పెళ్ళి మాటల్లో కూడా ముందు అడిగింది ర్యాంకేనట. కట్టు కట్టమన్నాడు. కట్టాక బిగుతైందని విప్పించి మళ్ళీ కట్టించుకున్నాడు. మంచినీళ్ళడిగాడు. తాత అన్నీ చేశాడు. కన్నతల్లి కూడా అంత చెయ్యదు.

“ఓ సెట్టు ఆడి చూస్తే?”

“కాలు పోగొట్టుకుని గెలిచేదేముంది తమ్ముడూ.”

పొడుగోడు రెండో కాలి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

“సరే. తప్పుకుంటా. రిఫరీ దాకా భుజం ఇవ్వన్నా.”

తాత వాచీ సంగతే మరిచాడు. వరండాలో పొడుగోడు నాలుగడుగులకోసారి ఆగాడు. ఆగినప్పుడల్లా తాత ఓపిగ్గా నిలబడ్డాడు.

రిఫరీ గది గోడ గడియారం పదీ ఆరు చూపిస్తోంది. సంతకాల పుస్తకం మూసి ఉంది. పొడుగోడు జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. డాక్టరు సంతకం కింద నిన్నటి తేదీ ఉంది.

తాత పెన్ను కోసం చెయ్యి చాపాడు. పది దాటిందని, ఈ పూట సంతకం పెట్టినవాడు ఒక్కడేనని రిఫరీ చెప్పాడు.

“ఇతని కాలు పట్టుకుని కూర్చున్నానండీ,” అన్నాడు తాత.

రిఫరీ ఖాళీ అయిన చోట్లో ఎడమచేతివాడి పేరు రాశాడు.

గుమ్మంలో ఎడమచేతివాడు రాకెట్ల సంచీతో తయారుగా ఉన్నాడు. పొడుగోడు తాత భుజం మీంచి చెయ్యి తీసి వాడి భుజం మీద వేశాడు.

“మీ అక్కకు ఫోన్ చెయ్యి బామ్మర్దీ,” అన్నాడు.