టీవీ ఆర్పినవాడు

“పొద్దటి సంది చెప్తున్న. పెండ్లి కాని మొగపోరన్ని ఆడోళ్లు కూసునే కాడికి పిలువద్దని!” శివరాములు మళ్లీ అందుకున్నాడు.

“మరి కుర్చీలెవరు మోస్తరు? నీ కొడుకా? వాడు వంగితే ప్యాంటు పిగులుతదట,” అంది ఆయన భార్య కాంతవ్వ.

“నాయిన కుట్టిన ప్యాంటే కదనే,” సోఫాలోంచి లేవకుండానే అన్నాడు గిరిబాబు.

కూతురు సంగీత కిసుక్కున నవ్వింది. శివరాములు నవ్వలేదు.

అమీర్‌పేటలోని ఆ సందుకంతా ఆయనే పెద్దమనిషి. మూలమీది మసాజ్ సెంటర్‌ను బోర్డుతో సహా పీకించినవాడు. ఎదురుగా ఉన్న లేడీస్ హాస్టల్ పిల్లలు పొట్టి నిక్కర్లతో పాలప్యాకెట్టుకు దిగితే, తన టైలరింగ్ షాపు గడప దిగొచ్చి మరీ నీతులు చెప్పేవాడు.

సంగీతకు సంబంధం వచ్చింది కూడా ఆ పేరు చూసే. ఈ రోజే తాంబూలాలు.

పైగదిలో అద్దెకున్న విజయేందర్ కుర్చీలు మోసుకుంటూ మెట్లు దిగాడు. జనగామ వైపు పిల్లగాడు. పొద్దున కంప్యూటర్ కోర్సు, సాయంత్రం ఏదో కొలువు. అంతకు మించి కాంతవ్వకు అతని గురించి తెలియదు.

“పెద్దమ్మా, ఇంకా నాలుగు తేవాల్నా?”

“తే బిడ్డా. చాయ తాగి పోదువు.”

మగపెళ్లివారి ఆడవాళ్లు ముందు దిగారు. మగవాళ్లు ఖైరతాబాద్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారట. వాళ్లొచ్చేదాకా నడుం వాలుస్తానని శివరాములు లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికేసుకున్నాడు.

హాల్లో టీవీలో దేవుడి పాటలు వస్తున్నాయి. కాబోయే అత్త రత్నమాల సంగీత జడ పట్టుకుని పొడవు చూస్తోంది.

ఉన్నట్టుండి పాట తెగిపోయింది.

తెర నిండా బట్టల్లేని మనుషులు. హాలు నిండా వాళ్ల మూలుగులు.

సంగీత చేతుల్లో మొహం దాచుకుంది. ఎవరో ముసలమ్మ “రామ రామ” అంది. రత్నమాల కళ్లజోడు సర్దుకుని, “ఏందిది? పైన ఏదో రాసున్నది?” అంటూ తెర వైపు వంగింది.

గుమ్మంలో కుర్చీలు ధడేలున పడ్డాయి. విజయేందర్ ఒక్క ఉరుకున వచ్చి టీవీ వైరు పట్టి గుంజాడు. ప్లగ్గుతో పాటు గోడ సున్నమూ ఊడి పడింది.

ఆ తొందరే అతన్ని పట్టిచ్చింది.

“నీదేనారా?” గిరిబాబు లేచి కాలర్ పట్టుకున్నాడు. “మన వైఫై వాడే బయటోడు వీడొక్కడే! వైఫై మీద వీని ఫోన్లకెళ్లే టీవీకి వచ్చింది!”

“నేను కాదన్నా...”

మాట పూర్తికాకముందే గిరిబాబు చేతిలో అతని చెంప పగిలింది. శివరాములు గదిలోంచి వచ్చాడు. ఆయన మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కుట్టు మిషన్ మీది ఇనుప గజంబద్ద అందుకున్నాడు.

“ఆడపిల్ల ఉన్న ఇంట్ల... నా ఇంట్ల... గిసొంటి గలీజు పనా!”

బద్ద అంచు కనుబొమ్మ మీద దిగింది. రెండోసారి చెవి మీద. పిల్లగాడు చేతులు అడ్డం పెట్టుకుంటే వేళ్ల మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కాంతవ్వకు వంటింటి గుమ్మం దాకా వినిపించింది.

“వద్దయ్యా, సస్తడు!” ఆమె అడ్డం పోయింది. శివరాములు ఆమెను గోడకేసి నెట్టాడు.

గిరిబాబు అతన్ని జుట్టు పట్టి మెట్ల దాకా ఈడ్చాడు. “నువ్వు గాకపోతే ఎవడ్రా? చెప్పు! ఎవడు?”

విజయేందర్ రక్తం కారే కన్ను ఎత్తి సంగీతను చూశాడు. రత్నమాలను చూశాడు. నోరు మూసుకున్నాడు.

“చూసిన్రా? మాట లేదు!” అన్నాడు శివరాములు.

గిరిబాబు పొట్టలో తన్నాడు. పిల్లగాడు వెల్లకిలా మెట్ల మీదుగా పోయి, తల కింది మెట్టుకు కొట్టుకుని, పొద్దున సంగీత వేసిన ముగ్గు మీద పడ్డాడు.

పక్కింటివాళ్లు పిల్లగాణ్ణి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయారు. కాంతవ్వ బకెట్లతో మెట్లు కడిగింది. లోపల రత్నమాల, “మస్తు మంచి పని చేసినవన్నా. ఇసొంటి ఇంటి పిల్లనే మాకు గావాలె,” అంది. మగవాళ్లు కూడా వచ్చాక తాంబూలాలు మార్చుకున్నారు.

మర్నాడు గుడికి పోయొస్తానని చెప్పి కాంతవ్వ పంజాగుట్ట ఆసుపత్రికి పోయింది. విజయేందర్ తల నిండా కట్లు. ఒక్క కన్నే తెరిచి ఉంది. వెంట ఎవరూ లేరు.

“ఎందుకు చేసినవ్ బిడ్డా గట్ల?”

“సంగీతక్కతోని అనకు పెద్దమ్మా,” అని మొదలుపెట్టాడు. ఆమె చెవి అతని పెదవుల దగ్గర పెట్టి విన్నది. విన్నాక కలిపి తెచ్చిన పెరుగన్నం తినిపించబోతే మింగలేకపోయాడు.

తెల్లారి మళ్లీ పోయేసరికి మంచం ఖాళీగా ఉంది. రాత్రే ప్రాణం పోయిందన్నారు.

ఇంటికొచ్చింది. శివరాములు అందరినీ కూర్చోబెట్టి చెప్తున్నాడు. “మెట్ల మీదికెళ్లి జారిపడ్డడు. పోలీసులొస్తే అందరు ఒక్క తీరుగ చెప్పుండ్రి. సంగీత బతుకు ఆలోచించుండ్రి.”

“నీ ఫోను జర ఇటియ్యి,” అంది కాంతవ్వ.

“ఎందుకే?”

“ఇయ్యి.”

శివరాములు ఫోనును జేబులో లోతుగా తోసి, పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ చేతిని ఆమె చూసింది. పిల్లల వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది.

“నేను పంజాగుట్ట ఠాణాకు పోతున్న. ఉన్నదున్నట్టు చెప్త. లగ్గం ఆగితే ఆగనియ్యిండ్రి. టీవీల గా బొమ్మ వచ్చింది మీ నాయిన ఫోన్లకెళ్లి, పైన రాసున్నది మీ నాయిన పేరు. అది సంగీత అత్త సదువుతదని ఉరికొచ్చి వైరు పీకిండు గా పిల్లగాడు. మీరు ఎవడెవడని సంపుతున్నా ఆ పేరు నోటెంబడి రానియ్యలే.”