పాండన్న రక్తం ఊరేగింపు

పాండన్న రక్తాన్ని ఓపెన్‌టాప్ జీపులో ఊరేగించారు.

ఇత్తడి పళ్లెంలో బంతిపూలు పరిచి, వాటి మీద రక్తం సంచిని పెట్టారు. సంచికి బొట్టు కూడా పెట్టారు. ముందు డప్పులు, వెనక డీజే. ఇంద్రేశం నుంచి పటాన్‌చెరు ఆస్పత్రి దాకా, మండే ఎండలో, అడుగడుగునా ఆపి సెల్ఫీలు. "అమ్మకు రక్తం, పాండన్నకు జేజేలు" అని ఫ్లెక్సీలు ముందురోజే కట్టేశారు.

పాండన్న ప్లాట్లు అమ్ముతాడు. వచ్చే ఎన్నికల్లో నిలబడాలని ఆశ. వాళ్లమ్మ మొగులమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్‌కు రక్తం కావాలన్నారు. "నా తల్లికి నా రక్తమే ఇస్త" అని పాండన్న నలుగురిలో అనేశాడు. నలుగురిలో అన్నాక వెనక్కి తీసుకోవడం కుదిరే పని కాదు.

కాకపోతే అందరి ముందు తీస్తే దిష్టి తగులుతుందని, ఇంట్లోనే తలుపేసుకుని, ఊరి ఆర్‌ఎంపీ బాలరాజ్ చేత తీయించుకున్నాడు. బయట కాచుకున్న జనానికి పాండన్న భార్య పుష్ప రోజ్ షర్బత్ పోసింది. ఎప్పుడూ మిగిలే షర్బత్ ఆరోజు ఎందుకో చివరివాళ్లకు చాలలేదు.

ఊరేగింపు చూసి ఆస్పత్రి బ్లడ్ బ్యాంక్ డాక్టర్ సత్యశ్రీ తల పట్టుకుంది.

"ఇంతసేపు ఎండలో తిప్పారా? రక్తం ఫ్రిజ్‌లో ఉండాలండీ. బయట పెడితే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. ఇది ఎక్కిస్తే ఆవిడ ప్రాణానికే ముప్పు."

జీపు నడిపిన యాదన్నకు రోషం వచ్చింది.

"మా అన్న రక్తంల పురుగులున్నయంటవా? సూడు, ఎంత ఎర్రగున్నదో! గంత ఎండల తిరిగినా రంగు మారలే."

"క్రిములు కంటికి కనబడవు బాబూ."

"కనబడనియి ఉన్నయని ఎట్ల చెప్తవ్?"

జనం ఊరుకోలేదు. ఎక్కియ్యాలె, ఎక్కియ్యాలె అంటూ కారిడార్‌లోనే డప్పు అందుకున్నారు. సత్యశ్రీ పళ్లెంలోని సంచి అందుకుని, వీపు వెనక దాచుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

అంతలో స్ట్రెచర్ మీద నుంచి మొగులమ్మే గొంతెత్తింది.

"డాక్టరమ్మా, సస్తే సస్త గని నాకు నా కొడుకు రక్తమే ఎక్కియ్యి. ఇంకోళ్లది నాకొద్దు."

ఇక అడ్డేముంది? జనం ఈలలు వేశారు. యాదన్న సంచి లాక్కున్నాడు. సత్యశ్రీకి ఏడుపొక్కటే తక్కువ.

అప్పటిదాకా పాండన్న ఓ మూల చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఒక్క ఉదుటున వచ్చి తల్లి కాళ్లమీద పడ్డాడు.

"వద్దే అవ్వా! డాక్టరమ్మ చెప్పేదే నిజం. నా రక్తం నీకొద్దు. ఎవలదైనా మంచిదే, ఫ్రిజ్‌ల ఉన్నది ఎక్కించుకో. నువ్వు బతకాలె!"

ఏడ్చేశాడు. అది దొంగ ఏడుపు కాదు. చూస్తున్నవాళ్లకే గుండె కరిగింది.

డప్పు ఆగిపోయింది. అంత చేసి తెచ్చిన రక్తాన్ని తల్లి కోసం వదులుకున్నాడే, ఎంత పెద్ద మనసు అని జనం ముక్కున వేలేసుకున్నారు. మొగులమ్మ కొడుకు తల నిమిరి, సరేనంది. రాజకీయాల్లోకి రావాలనుకునేవాళ్లలో ఇంత సైన్సు తెలిసినవాణ్ని సత్యశ్రీ చూడలేదు. కళ్లు తుడుచుకుని ఆయనకు దండం పెట్టింది.

ఎవరో ముక్కూమొహం తెలియని దాత రక్తం మొగులమ్మకు ఎక్కించారు. సాయంత్రానికి ముసలమ్మ ముఖంలో కళ వచ్చింది, ఆకలన్నది. తన రక్తం సంచిని పాండన్న తన చేత్తోనే చించి ఆస్పత్రి చెత్త వేసే పసుపురంగు డబ్బాలో పడేసి, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

గది ఊడవడానికి వచ్చిన ఆయా డబ్బా మూత తీసేసరికి, గులాబీ వాసన గుప్పుమంటున్న పాండన్న రక్తానికి చీమలు బారులు తీరి ఉన్నాయి.