ఎండలో చాచిన పడుగు

"ఈ తోపు వల్ల మీకేం లాభమమ్మా?"

కానుగ చెట్ల నీడలో పడుగు చాచి, నూలుకు గంజి పెడుతున్న రంగనాయకమ్మ తలెత్తి చూసింది. ముతక చొక్కా, దుమ్ముకొట్టుకున్న చెప్పులు, భుజాన సంచి. తిరుత్తణి బస్సు దిగి వచ్చిన కొత్త మనిషి.

"ఏమీ లేదు సామీ. చుమ్మా, ఊరికే నిలబడుండాయి."

కె.జి.కండిగై పక్కనున్న ఆ నేతవీధిలో అందరూ అదే పాట పాడారు.

"మా మేకలు ఆ నీడకే పోవు సార్" అన్నాడు పచ్చయ్యప్ప. అతని వెనకాలే మేకలన్నీ తోపులో పడుకుని నెమరేస్తున్నాయి.

అదంతా ప్రెసిడెంటు తణికాచలం తెలివి. పై నెలలో సర్కారు ఆ తోపును కట్టెలకు వేలం వేయబోతోంది.

"లాభముందంటే పాటకు ఎగబడతారు. పనికిరాదని చెప్పండి, ఎవుడూ రాడు" అని ఇల్లిల్లూ తిరిగి నూరిపోశాడు. ఊరికొక తెలివైనవాడుంటే చాలు, మిగతావాళ్లకు ఆలోచించే పని తప్పుతుంది.

ఈ సంచి మనిషి కట్టెల కాంట్రాక్టరు పంపినవాడేనని వీధంతా తేల్చేసింది. మంచినీళ్లు కావాలా అని కూడా ఎవరూ అడగలేదు.

ఆయన తిరిగి రంగనాయకమ్మ దగ్గరికే వచ్చాడు.

"తోపుతో పని లేదంటున్నారు. మరి పడుగు ఆ బయలులో చాచుకోవచ్చు కదమ్మా? అక్కడ చోటు కూడా ఎక్కువ."

ఆమె పడుగు వంక చూసుకుంది. నిజం చెబితే తోపు పోతుంది. చెప్పకుంటే పడుగు పోతుంది. ఆ పడుగు మీదే ఆ నెల కూడు.

"దానికేం సామీ, యాడైనా ఒకటే" అంది మొండిగా.

మొగుడు లోకనాథం వద్దు వద్దని కళ్లతో మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. ఇద్దరూ పడుగు మోసుకెళ్లి బయలులో చాచారు.

1983 ఎండాకాలం. నిప్పులు చెరుగుతోంది.

గంజి చూస్తుండగానే పెళుసెక్కింది. ఒక పోగు తెగింది. ఇంకొకటి తెగింది. ఆపైన గుప్పెళ్లకు గుప్పెళ్లు తెగాయి.

రంగనాయకమ్మకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"చూస్తివా? లాభమేందని అడిగినావే, ఇదీ లాభం! ఆ నీడ లేకుంటే మా వీధిలో ఒక్క మగ్గం ఆడదు! ఆ ఆకు ఎరువుగా తొక్కకుంటే మా మళ్లు పండవు! ఆ చెట్లుండబట్టే మా బావిలో ఊట! పో, పోయి మీ కాంట్రాక్టరుకు చెప్పుకో!"

ఆయన ఎండలోనే చతికిలబడి తెగిన పోగులు ముడేయసాగాడు. వేసిన ముడి వేసినట్టే ఊడిపోతోంది.

"ముడేసేదీ రాదా నీకు? ఇట్లా!" అని కళ్లు తుడుచుకుంటూనే కసిరింది.

పొద్దు వాలేదాకా ఆయన కదల్లేదు. పోయేటప్పుడు ఒక్కటే అడిగాడు.

"పనికిరాని ఈ తెగిన పోగులు నాకిస్తారా అమ్మా?"

"తీస్కపో. ఇంకేం మిగిలింది?"

వేలం రోజు వచ్చింది. లారీలు, రంపాలు, కాంట్రాక్టర్లు దిగారు. వీధి వీధంతా తోపు చుట్టూ నిలబడింది. రంగనాయకమ్మ ఒక మానును గట్టిగా పట్టుకుంది.

తాసిల్దారు రాజమాణిక్యం జీపు దిగాడు.

"ఏలం లేదు. తోపు మీదే. ఇకమీదట ఏ తోపు నరకాలన్నా, దాని నీడన బతికేవాళ్లను ముందు అడగాలని ఆర్డరు!"

లోకనాథం తువ్వాలు ఆకాశానికెగిరింది. పచ్చయ్యప్ప మేకల్ని వదిలేసి గంతులేశాడు. రంగనాయకమ్మ చెట్టును విడిచి ఎదురొచ్చిన ఆడవాళ్లందర్నీ కావలించుకుంది. ఆమెకింత సంతోషం పెళ్లిలో కూడా కలగలేదు.

"నేను చెప్పినట్టు చెప్పినందుకే ఇదంతా!" అని తణికాచలం మీసం దువ్వాడు.

ఆ సందడిలో ఆమెకు సంచి మనిషి గుర్తొచ్చాడు.

"సామీ, ఆపొద్దు సంచేసుకోని వచ్చిన ఆ కాంట్రాక్టరు మనిషి యాడ? పాపం, నోటికొచ్చినట్టు తిట్టినాను."

తాసిల్దారు నవ్వాడు.

"కాంట్రాక్టరు మనిషా! దేశంలో ఏ అడవి, ఏ చెరువు జనానికేం మేలు చేస్తా ఉందో తేల్చి సర్కారుకు చెప్పే పెద్దాయనమ్మా. ఈ తోపు దేనికీ పనికిరాదని పోయినేడు ఢిల్లీలో కూర్చొని రాసిందీ ఆయనే, నీ తెగిన పోగులు పెద్దల ముందర పెట్టి 'నేను రాసింది తప్పు' అని చెప్పిందీ ఆయనే."