మన్ననూరు ఘాట్ మీద

రోడ్డు చివరిదాకా ఒకసారి తొక్కి చూద్దామనుకున్నాడు పర్శరాములు. పందెం జెండా ఊపేలోపే వెనక్కి వచ్చేయొచ్చు కదా అనుకున్నాడు.

సైకిల్ తిప్పేలోపే జెండా ఊపేశారు.

వందల సైకిళ్లు ఒక్కసారిగా వచ్చి చుట్టుముట్టాయి. ఎడమ పక్కన ఒకడు, కుడి పక్కన ఇద్దరు, వీపుకు ఊపిరి తగిలేంత దగ్గరగా ఇంకొకడు. ఇప్పుడు ఆగితే అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. హెల్మెట్‌ను నుదుటి మీదికి లాక్కుని తొక్కడం మొదలుపెట్టాడు.

అచ్చంపేటలో బయల్దేరి, మన్ననూరు ఘాట్ ఎక్కి, అమ్రాబాద్ మీదుగా చుట్టి మళ్లీ అచ్చంపేటకే రావాలి. ఆ ఘాట్ కోసమే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పర్శరాములు దాన్ని బస్సు కిటికీలోంచి మాత్రమే చూశాడు.

ముందు జీపు పోతోంది. వెనక మోటార్‌సైకిల్ మీద కానిస్టేబుల్ వస్తున్నాడు. హాజీపూర్ దగ్గర పక్కదారి పట్టొచ్చేమో అనుకున్నాడు. అక్కడ తాడు కట్టేశారు.

"గిటు గాదన్నా, గటు!" అని జెండా పట్టుకున్న మనిషి ఘాట్ వైపు చెయ్యి చూపించాడు. రోడ్డు పక్కన జనం చప్పట్లు కొట్టారు.

జేబులో ఫోన్ మోగుతోంది. తను పనిచేసే టిఫిన్ సెంటర్ నుంచి స్వర్ణక్క. పొద్దుటి గిరాకీ వేళ. ఎత్తలేదు.

చేల అంచులు వెనకబడ్డాయి. అడవి మొదలైంది. రోడ్డు పైకి లేచింది. గుంపు మెల్లగా ముందుకు సాగిపోయింది. అతను మాత్రం మిగిలాడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. చిన్న పెడళ్ల మీద బూట్లు జారుతున్నాయి. తొడలు మండుతున్నాయి.

అంబులెన్స్ పక్కకొచ్చింది.

"ఎక్కుతవా అన్నా? అచ్చంపేటల దింపుతం."

అక్కడ గుమిగూడిన జనం కళ్లముందు కదిలారు. వాళ్లందరి ముందూ వ్యాన్‌లోంచి దిగడం ఊహించుకున్నాడు. వద్దని తలూపాడు.

అప్పుడే వెనక నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు. ముందు బుట్ట ఉన్న పాత లేడీస్ సైకిల్ మీద ఒకామె రొప్పుతూ వచ్చి అతని పక్కకు చేరింది. నలభై ఏళ్లుంటాయి. తలకు స్కార్ఫ్ బిగించి కట్టుకుంది. ముఖమంతా చెమట.

"దీంతోటి ఘాట్ ఎక్కుతవా అక్కా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఏం జేయాలె తమ్మీ? తొందరల ఇదే దొరికింది." ఆమె అతని సైకిల్‌ను కింద నుంచి పైదాకా చూసింది. "నా పేరు జీనత్. జడ్చర్లల ఉంట. నువ్వు పో, నీ పక్కనే వస్త."

"నువ్వు ముందు పో అక్కా. నాతోటి గాదు."

"పోను."

అతను మెల్లగా తొక్కితే ఆమె కూడా మెల్లగా తొక్కింది. బలం కూడగట్టుకుని ముందుకు దూకితే, రెండో మలుపుకల్లా ఆ కిర్రుకిర్రు మళ్లీ పక్కనే ఉంది.

"గట్ల గుంజితే మోకాళ్లు పోతయి. కుడిచేతి కింద మీట నొక్కు. జర మొండిది, గట్టిగ నొక్కాలె."

నొక్కాడు. ఏదో కదిలింది. పెడళ్లు తేలికయ్యాయి.

కానిస్టేబుల్ మోటార్‌సైకిల్ దగ్గరికొచ్చింది. పర్శరాములు తల వంచుకుని ముందు చక్రం వైపే చూస్తూ ఉండిపోయాడు.

"అంతా బరాబరేనా మేడమ్?"

"బరాబరే ఉన్నది. మీరు ఎన్క ఉండుండ్రి."

మోటార్‌సైకిల్ వెనక్కి తగ్గింది. కానీ పోలేదు. ప్రతి మలుపులోనూ దాని చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నీళ్లిచ్చే చోట ఒకమ్మాయి సైకిల్ ముందున్న నంబరు చూసి, అతని ముఖం చూసింది. "మీ పేరేందన్నా?"

పర్శరాములు నోరు తెరిచాడు.

"నాతోటే ఉన్నడు," అంది జీనత్. "నీళ్లియ్యి బిడ్డా, పెదిమలు ఎండిపోయినయి."

మళ్లీ ఎక్కారు. పిట్టగోడ మీద కోతులు వరసగా కూర్చుని వాళ్లనే చూస్తున్నాయి. ఎంత తొక్కినా ఇంకో మలుపు. చివరికి చేరేది మళ్లీ బయల్దేరిన చోటికే. ఏడుపొచ్చింది అతనికి.

"నాతోటి అయితలేదక్కా. దిగుత."

"దిగకు. నువ్వు దిగి మళ్ల తొక్కితే చెయిన్ మీద బరువు పడి..." ఆమె మాట మింగేసింది. "దిగితే మళ్ల ఎక్కలేవు. తొక్కు. ఇసొంటి సైకిల్ ఎన్నేండ్ల సంది తొక్కుతున్నవ్?"

"ఎన్నడు తొక్కలే. పోతుంటే సూసుడే. ఏడాదికోసారి మా హోటల్ ముంగటికెళ్లే పోతరు."

"మరి ఎట్లున్నది?"

ఎవరూ అతన్ని అలా అడగలేదు. కాళ్ల మంట అలాగే ఉంది. అయినా చక్రాలు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి.

"గాలి మీద కూసున్నట్టున్నది అక్కా."

జీనత్ అతని చేతుల కిందున్న హ్యాండిల్‌ను ఒకసారి చూసింది. తర్వాత రోడ్డు వైపే చూస్తూ తొక్కింది.

చివరి మలుపు తిరిగేసరికి చెట్లు పలచబడ్డాయి. మన్ననూరు చెక్‌పోస్టు కనిపించింది. అక్కడున్నవాళ్లు ఈలలు వేశారు. పర్శరాములు కాలు నేలకానించి వెనక్కి చూశాడు. తను ఎక్కొచ్చిన దారి, దాని కింద అడవి, ఆపైన మసకగా మైదానం. నవ్వొచ్చింది. ఆ వెంటనే కానిస్టేబుల్ మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. నవ్వు ఆగిపోయింది.

జీనత్ ఆయనకు చేత్తోనే ఆగమని సైగ చేసింది. బుట్ట సైకిల్‌ను పిట్టగోడకు ఆనించి, స్కార్ఫ్ అంచుతో ముఖం తుడుచుకుంటూ పర్శరాములు దగ్గరికి వచ్చి, హ్యాండిల్ మీద మెల్లగా చెయ్యి వేసింది.

"ఘాట్ ఎక్కినవ్ గదా తమ్మీ, ఇగ దిగి నా సైకిల్ నాకియ్యి."