హుయా ఈల

నూరేళ్ల కిందట అంతరించిపోయిన హుయా పిట్టలు రెండింటికి ప్రయోగశాలలో మళ్లీ ప్రాణం పోశారు. కూత నేర్పడానికి తల్లి లేదు. అందుకని, ఆ కూత ఈలగా వేయగల ఒకే ఒక్క మావోరీ తెగ ముసలాయన హోహెపాను మనవరాలు మెరియానా పిలుచుకొచ్చింది.

ఆయన ఈల వేశాడు. ఒక పిట్ట వచ్చి చేతిమీద వాలి, అచ్చం అలాగే కూసింది. రెండోది బెదిరి మూలకు నక్కింది.

"అదరగొట్టావు తాతా! ఇప్పుడు ప్రమాదమొస్తే అరిచే కూత నేర్పు."

"అది నాకు రాదే."

"అదేంటి? నీకు ఈల నేర్పిన మీ తాత సగం చదువే చెప్పాడా?"

"ఆయన వేటగాడు పిల్లా. ఈ ఈల వింటే హుయాలు వాటంతటవే చేతికొచ్చేవి. మెడ విరిచేవాడు. అరిచే సందు దేనికీ ఇవ్వలేదు."

చేతిమీది పిట్ట మళ్లీ కూసింది. మూలనున్న రెండోది ఎగిరొచ్చి ఆయన చేతిమీదే వాలింది.