హలో దొంగ

"మళ్ళీ పెట్టేశాడు," అంది పక్క సీటావిడ, హెడ్‌సెట్ మెడలోకి జార్చుకుంటూ. "నమస్కారం చెప్పి, నా పేరు చెప్పానో లేదో టక్కున కట్. నాకిది మూడోసారి."

"నాకు రెండు," అన్నాడు వెనక సీటాయన. "పొద్దున్నే మొదలెట్టాడు. పనీపాటా లేనట్టుంది."

వాషింగ్ మెషీన్ల కంపెనీ కాల్ సెంటర్ అది. ఫోన్ చేసిన కస్టమర్, ఉన్న ఆరు సీట్లలో ఏది ఖాళీగా ఉంటే దానికి తగులుతాడు; నంబరు మాత్రం తెర మీద కనపడదు. ఈ మనిషి మాత్రం ఎవరికి తగిలినా, పేరు వినగానే పెట్టేస్తున్నాడు. మధ్యాహ్నం టీ వేళకల్లా అతనికి 'హలో దొంగ' అని నామకరణం కూడా అయిపోయింది.

ఆరో సీటులో ఉన్న కొత్తమ్మాయికి మాత్రం నవ్వే ఓపిక లేదు. ఆమె మూడు నెలల ట్రయల్ ఇవాళ్టితో ఆఖరు. మాట్లాడటం అయ్యాక కస్టమర్ ఒకటి నుంచి అయిదు దాకా మార్కు నొక్కుతాడు. యాభై మంది అయిదు నొక్కితే ఉద్యోగం ఖాయం. నలభై తొమ్మిది మంది నొక్కారు. ఆ మిగిలిన ఒక్కటీ రెండు రోజులుగా ఊరించి చంపుతోంది. పోనీ నోరు తెరిచి అడుగుదామా అంటే, మార్కు అడగడం నేరం.

నిన్న రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర ఇదే చెప్పుకుని ఏడుపు మొహం పెట్టింది. అత్తగారు "వస్తుందిలేవే" అని ఇంకో గరిటె వడ్డించారు. మావగారు కంచంలోంచి తలెత్తితే ఒట్టు. ముప్పై ఏళ్ళు వాషింగ్ మెషీన్లు విప్పి బిగించి రిటైరైన మనిషి ఆయన. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. కోడలు ఈ ఉద్యోగంలో చేరిన రోజు మాత్రం ఒక విసురు విసిరారు: "ముట్టుకోకుండా మిషను బాగుచేస్తారా? ఫోన్లో?" ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

నాలుగున్నరకి ఆమె లైను మోగింది. నమస్కారం చెప్పి పేరు చెప్పింది. తెగలేదు.

"అమ్మయ్య, ఇప్పటికి దొరికావా తల్లీ," అంది అవతలి గొంతు. ముక్కుతో, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నాడు పెద్దాయన. బాగా జలుబు చేసినట్టుంది పాపం. "మా మిషను చచ్చిపోయిందమ్మా."

"అంతమాట ఎందుకు సార్. ఏం చేస్తోంది?"

"ఏమీ చెయ్యట్లేదు. అందుకే చచ్చిపోయిందంటున్నా."

"లైటు వెలుగుతోందా సార్?"

"ఏ లైటు? హాల్లోదా?"

"మిషను మీది సార్. ముందు ప్లగ్గు చూడండి."

"ప్లగ్గంటే?"

"గోడకి ఉంటుంది సార్. మూడు కాళ్ళది."

"మా ఇంట్లో మూడు కాళ్ళది స్టూలొక్కటేనమ్మా."

ప్లగ్గు దొరికేసరికి ఆరు నిమిషాలు గడిచాయి. ఆరు దాటితే మెకానిక్‌ని పంపిస్తామని చెప్పి కాల్ ముగించాలి. తెర మీద గడియారం ఎర్రబడింది. టీమ్ లీడర్ వచ్చి ఎదురుగా నిలబడి, రెండు వేళ్ళతో కత్తెర చూపించాడు.

"సార్, మెకానిక్‌ని పంపమంటారా? రెండు రోజులు పడుతుంది."

"రెండు రోజులా? లోపల నిండా నీళ్ళమ్మా. ఉన్న నాలుగు చొక్కాలూ అందులోనే ఈదుతున్నాయి."

ఇంకో అరగంటలో షిఫ్ట్ అయిపోతుంది. ఈయన్ని వదిలించుకుంటే ఇంకెవరైనా తగలొచ్చు, అయిదు నొక్కొచ్చు. ఆమె మనసు ఒక్క క్షణం అటు లాగింది. కానీ నాలుగు చొక్కాల మనిషిని నీళ్ళల్లో వదిలేయడానికి ప్రాణం ఒప్పలేదు. టీమ్ లీడర్ వైపు చూడకుండా కుర్చీ తిప్పుకుంది.

"ఫోను మిషను దగ్గర పెట్టి బటన్ నొక్కండి సార్. నేను వింటాను."

గుయ్యిమని చప్పుడు. మోటారు తిరుగుతోంది. నీళ్ళు పోయే దారే ఎక్కడో మూసుకుంది.

"వెనకాల పైపు మడత పడిందేమో చూడండి సార్."

"పైపు ఎలా ఉంటుందమ్మా?"

"బూడిద రంగులో, ఏనుగు తొండంలా."

చాలాసేపు ఏదో జరిపిన చప్పుడు, ఆయాసం. ఆపైన బుడబుడమంటూ నీళ్ళు పోయిన చప్పుడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"అక్కడ కూర్చుని ఎలా కనిపెట్టావమ్మా?"

"చప్పుడే చెప్పింది సార్."

ఆయన మిషను మూత వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "చాలా విసిగించాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు నువ్వు," అని పెట్టేశాడు.

తెర మీద అంకె వెలిగింది. అయిదు.

ఆరు సీట్లూ చప్పట్లు కొట్టాయి. టీమ్ లీడర్ గడియారం చూపించాడు. "ఇరవై రెండు నిమిషాలు. రేపటి నుంచి ఇలా కుదరదు."

"రేపటి నుంచా సార్?"

"పర్మనెంటు వాళ్ళు రేపు కూడా రావాలి మరి," అంటూ నవ్వేశాడు.

బ్యాగు సర్దుకుంటూ పక్క సీటావిడ అంది: "నాలుగున్నర నుంచి మన హలో దొంగ కూడా చడీచప్పుడు లేడు, చూశావా?"

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అత్తగారికి పూసగుచ్చినట్టు చెప్పింది. మావగారు తువ్వాలు భుజాన వేసుకుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"ప్లగ్గంటే ఏంటన్నాడత్తయ్యా. హాల్లో లైటు చూశాట్ట."

అత్తగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "ఎవరోగానీ చల్లగా ఉండాలి."

"ఆ హలో దొంగ సంగతే అంతు చిక్కలేదు. పేర్లు వింటూ పదిసార్లు పెట్టేశాడు, ఎవరి కోసమో ఏమో."

పేపరు కాస్త కదిలింది. మావగారు ఆ రోజుకి మొదటి మాట మాట్లాడారు.

"పదకొండు."